తనంత తానుగా బోనెక్కిన ప్రధాని

పొరుగు రాజ్యాలలో అధికారం తారుమారైనప్పుడల్లా ఓడినవారిలో కొందరైనా ఢిల్లీ చేరుకోవడం రాజధాని విలేఖరులకు చిరపరిచితమైన దృశ్యం. 1950లో నేపాల్ రాజు త్రిభువన్ వచ్చారు. 1975లో తండ్రిని, కుటుంబాన్ని కోల్పోయిన షేక్ హసీనా వచ్చారు. దాదాపు అర్ధశతాబ్దం తర్వాత, 2024లో, పదవి పోగొట్టుకొని మళ్లీ వచ్చారు. ఇలా వచ్చినవారి కథలు మనకు తెలుసు. కాని అభయం దొరికిన దేశాన్ని విడిచి, తన తల కోరే అభియోగాలు ఎక్కడ పొంచి ఉన్నవో అక్కడికే బుద్ధిపూర్వకంగా తిరిగిపోయిన నాయకులు బహు అరుదు. అటువంటి ఒక ప్రయాణం 1976 డిసెంబరు 30న జరిగింది. ఆనాడు ఖాట్మండు విమానాశ్రయంలో దిగిన విశ్వేశ్వర ప్రసాద్ కోయిరాలాను ప్రభుత్వం దిగిన వెంటనే నిర్బంధించింది. ఆయన నేపాల్ ప్రజలు ఎన్నుకొన్న మొట్టమొదటి ప్రధాని. పదహారేళ్ల క్రితం పదవి నుండి నేరుగా సైనిక నిర్బంధానికి వెళ్లిన మనిషి. ఈసారి ఆయనపై మోపినవి రాజద్రోహ నేరాలు, రుజువైతే మరణదండన.

దేశభద్రత పేరిట ప్రజాస్వామ్యవాదులను బోనెక్కించే వార్తలు నేటికీ ఏదో ఒక పొరుగు రాజధాని నుండి మన బల్లల మీదికి వచ్చి పడుతూనే ఉన్నవి. వాటిని చదివినప్పుడల్లా నాకు బి.పి. కోయిరాలా గుర్తుకు వస్తారు. ఆయన జీవితంలో ఈ చట్టాల రెండు ముఖాలూ కనిపిస్తాయి. విచారణ అన్నదే లేకుండా మనిషిని ఏళ్ల తరబడి దాచివేయడం మొదటిది. విచారణ జరిపి ప్రాణం తీయజూడడం రెండవది. ఈ రెండింటిలో ఏది పాలకునికి నిజంగా భయం కలిగిస్తుందో తెలుసుకొనడానికి ఆయన కథను మించిన పాఠం మన ఉపఖండంలో మరొకటి లేదని నా అభిప్రాయం.

జైలు ఆయనకు వారసత్వంగా సంక్రమించినది. 1846 నుండి నేపాలును ఏలుతుండిన రాణా వంశీయుల హయాంలో ఆయన తండ్రి కృష్ణప్రసాద్ కోయిరాలా విరాట్‌నగర్‌లో పేరుపొందిన వ్యాపారి. పొట్టకూటికై కొండల నుండి దిగివచ్చే బీదల ఒంటిమీది చింకి బట్టలను ఆయన మూటగట్టి, ఏలికకు ప్రజల స్థితి తెలియాలని, రాణా ప్రధాని చంద్ర శంశేర్‌కు పంపించారని ప్రతీతి. ఫలితంగా ఆస్తి పోయింది. కుటుంబం దేశాంతరం పట్టింది. ఆ కుటుంబానికి ఆశ్రయమిచ్చిన కాశీలోనే 1914లో విశ్వేశ్వర ప్రసాద్ జన్మించారు. తండ్రి చివరకు రాణాల చెరలోనే కన్నుమూశారు.

కుమారుని విద్యాభ్యాసం కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోను, న్యాయశాస్త్రం కలకత్తాలోను సాగింది. కొంతకాలం డార్జిలింగ్‌లో న్యాయవాదిగా ఉన్నారు. తొలి కథలు హిందీలో రాస్తే ప్రేమ్‌చంద్ తన హంస పత్రికలో అచ్చువేశారు. జయప్రకాశ్ నారాయణ్, లోహియాల సోషలిస్టు బృందంతో ఏర్పడిన చెలిమి కడదాకా నిలిచింది. క్విట్ ఇండియా దినాలలో ఆంగ్ల ప్రభుత్వం ఆయనను బీహారు జైళ్లలో నిర్బంధించింది. అంటే తన దేశపు రాణాల జైలు చూడకముందే పరాయి ప్రభుత్వపు జైలు చూశారన్నమాట. మన స్వాతంత్ర్యోద్యమంలో ఆయన చందా కట్టి చేరిన అతిథి కాడు. శిక్ష అనుభవించిన భాగస్వామి.

1947 మార్చిలో విరాట్‌నగర్ జనపనార మిల్లు కార్మికుల సమ్మెకు నాయకత్వం వహించినందుకు రాణాలు ఆయనను పట్టుకొని, కొండదారుల వెంట కాలినడకన ఖాట్మండుకు తరలించారు. గాంధీజీ జోక్యంతో ఆ సంవత్సరమే విడుదలైనారు. మళ్లీ 1948లో పట్టుబడి, 1949లో చెరలోనే ఇరవై రోజులకు పైబడి నిరాహారదీక్ష పట్టారు. 1950 నవంబరులో రాజు త్రిభువన్ ఖాట్మండులోని భారత రాయబార కార్యాలయంలో శరణు పొంది ఢిల్లీ చేరడం, సరిహద్దుల నుండి నేపాలీ కాంగ్రెస్ సాయుధ పోరాటం సాగించడం, ఢిల్లీలో కుదిరిన ఒప్పందం ప్రకారం 1951 ఫిబ్రవరిలో రాణాల ఏకచ్ఛత్రాధిపత్యం ముగియడం చరిత్ర ప్రసిద్ధములు. రాణాలతో కలిసి ఏర్పడిన మధ్యంతర ప్రభుత్వంలో బి.పి. హోంమంత్రి అయినారు. ఆ ఏడాది నవంబరులో పోలీసు కాల్పులకు ఒక విద్యార్థి బలి కాగా ఆ మంత్రివర్గమే కూలిపోయింది. భద్రతా యంత్రాంగం తన చేతిలో ఉన్నప్పుడు సైతం నెత్తురు చిందకుండా ఆపలేకపోయిన అనుభవం ఆయన ఖాతాలో కూడ ఉన్నదని చెప్పకపోతే కథ పూర్తి కాదు.

ప్రజలు ఓటు వేయడానికి మరి ఎనిమిదేళ్లు పట్టింది. 1959లో జరిగిన నేపాల్ తొలి సార్వత్రిక ఎన్నికలలో 109 స్థానాలకు గాను నేపాలీ కాంగ్రెస్ 74 గెలిచింది. మే నెలలో బి.పి. ప్రధాని అయినారు. పదవిలో ఉన్నది పద్దెనిమిది నెలలే. ఆ వ్యవధిలోనే రాణాల, ఆస్థానపు పెద్దల పన్నులేని భూములకు మూలమైన బిర్తా పద్ధతిని రద్దు చేశారు. చైనాతో ఎవరెస్టు శిఖరం విషయమై పేచీ వస్తే తన దేశపు మాటను గట్టిగా నిలబెట్టారు. ఇటు ఢిల్లీకి సన్నిహితుడే అయినా ఢిల్లీ చెప్పినట్లల్లా నడిచే మనిషి కాడన్న పేరూ తెచ్చుకొన్నారు. అయితే ఎన్నికలకు కొద్దిరోజుల ముందు త్రిభువన్ కుమారుడు మహేంద్ర రాజు ప్రసాదించిన రాజ్యాంగంలోనే ఒక కత్తి దాగి ఉన్నది. అత్యవసర పరిస్థితి అని తాను భావిస్తే సర్వాధికారాలను రాజే హస్తగతం చేసుకోవచ్చునన్న నిబంధన అది.

1960 డిసెంబరు 15న ఆ కత్తి ఒర నుండి వెలువడింది. యువజన సభలో పాల్గొంటున్న ప్రధానిని సైనికులు వేదిక వద్దనే నిర్బంధించారు. పార్లమెంటు రద్దయింది. త్వరలోనే పార్టీలు నిషిద్ధములైనవి. ఖాట్మండు లోయ అంచున సుందరీజల్ అనే చోట, సైన్యం కాపలాలో, గణేశ్‌మాన్ సింగ్ మొదలైన సహచరులతో పాటు బి.పి. దాదాపు ఎనిమిదేళ్లు గడిపారు. ఆయనపై కేసు లేదు, విచారణ లేదు, శిక్షాకాలమంటూ లేదు. మరుసటి సంవత్సరం వచ్చిన ప్రజాభద్రతా చట్టం విచారణ లేని నిర్బంధాలకు చట్టం ముసుగు తొడిగింది. ఆపై వచ్చిన రాజ్యవ్యవహారాల నేరాల చట్టం రాజుపై ద్వేషం కలిగించడాన్ని కూడ శిక్షార్హం చేసింది.

ఆనాడు మహేంద్ర రాజు బి.పి.ని ఎందుకు విచారించలేదు? కారణం కనుగొనడం కష్టం కాదు. విచారించాలంటే నేరం చూపాలి. ఎన్నికలలో మూడింట రెండు వంతుల స్థానాలు గెలవడం, బిర్తా భూములపై చేయి వేయడం, రాజుకన్న పెద్ద గొంతుతో మాట్లాడడం ఏ శిక్షాస్మృతిలోను నేరాలు కావు. నేరం చూపలేని చోట ప్రభుత్వానికి మిగిలేది తాళం చెవి మాత్రమే. విచారణ లేని నిర్బంధం పాలకుని బలానికి గుర్తని సామాన్యంగా అనుకొంటాం. సుందరీజల్ చెప్పేది వేరు. చెప్పుకోదగిన ఆరోపణ లేని వాడు తాళం వేస్తాడు.

ఢిల్లీలో నెహ్రూ ఆ పరిణామానికి బహిరంగంగానే విచారం వెలిబుచ్చారు. బి.పి. సహచరుడు సువర్ణ శంశేర్ భారత భూభాగం నుండి సరిహద్దు దాడులు నడిపించారు. కాని 1962 అక్టోబరులో చైనా మనపై దండెత్తగానే లెక్కలు మారినవి. ఖాట్మండు రాజును మంచి చేసుకొనడం మనకు అవసరమైనది, దాడులు ఆగిపోయినవి. సుందరీజల్ ఖైదీల కోసం మాట్లాడే నోళ్లు క్రమంగా తగ్గినవి. సౌత్ బ్లాకు వారికి పొరుగు ప్రజాస్వామ్యం మీద ప్రేమ ఉండవచ్చు. సరిహద్దు మీద ప్రేమ అంతకంటె ఎక్కువ. ఇందులో తప్పు పట్టడం తేలిక. అయితే పరదేశపు ఆసరాను నమ్ముకొన్న ఉద్యమం ఆ దేశపు అవసరాలతో పాటు పెరిగి, వాటితో పాటే తరుగుతుందన్న సత్యాన్ని బి.పి. చెరలో కూర్చొని గ్రహించి ఉండాలి. ఆయన తరువాతి నిర్ణయానికి బీజం ఇక్కడే పడిందని నేననుకొంటాను.

ఆ ఎనిమిదేళ్లలో ఆయన నవలలు రాశారు. సుమ్నిమా, తీన్ ఘుమ్తీ, నరేంద్ర దాయి, మోదియాయిన్ ఆ నిర్బంధంలో రూపుదిద్దుకొన్నవే. వీటిలో మోదియాయిన్ మన పాఠకులకు ప్రత్యేకించి చెప్పదగినది. దర్భంగాలో ఒక దుకాణదారు భార్య ఒక బాలునికి చెప్పిన మహాభారత కథ అది. అందులో కురుక్షేత్ర వీరుల పరాక్రమం ప్రధానం కాదు; ఆ వీరుల పంతాలకు భర్తను బలి ఇచ్చిన సామాన్య స్త్రీ గోడు ప్రధానం. గొప్పవాడివి కావడం కంటె మంచివాడివి కావడం మేలన్నది ఆ నవల సారాంశం. ఈ పుస్తకాన్ని పాఠకులు జ్ఞాపకం ఉంచుకొన వలసినదిగా కోరుతున్నాను. దీనితో మళ్లీ పని ఉన్నది.

1968 అక్టోబరులో విడుదలైన బి.పి. మరుసటి ఏడాది భారతదేశం చేరి, కాశీ, సారనాథ్ ప్రాంతాలలో ప్రవాస జీవితం ప్రారంభించారు. నిరంకుశత్వాన్ని ఆయుధంతోనే ఎదుర్కోవాలన్న నిశ్చయానికి వచ్చినది అప్పుడే. 1973 జూన్‌లో ఆయన పార్టీ యువకులు విరాట్‌నగర్ నుండి బయలుదేరిన విమానాన్ని దారి మళ్లించి, బీహారులోని ఫార్బిస్‌గంజ్‌లో దింపి, అందులో ఉన్న నేపాల్ ప్రభుత్వ బ్యాంకు తాలూకు 30 లక్షల భారతీయ రూపాయలు తీసుకుపోయారు. ఆయుధాల కోసం చేసిన పని ఇది. బి.పి. సోదరుడు, తరువాత పలుమార్లు ప్రధాని అయిన గిరిజా ప్రసాద్ కోయిరాలా ఇందులో ముఖ్యులు. 1974లో బీరేంద్ర రాజుపై విరాట్‌నగర్‌లో బాంబు ప్రయత్నం, ఆ సంవత్సరాంతాన ఓఖల్‌ఢుంగా ప్రాంతంలో సాయుధ దాడి జరిగినవి. రెండూ విఫలమైనవి. కొందరు యువకులు చనిపోయారు, కొందరు చిక్కారు. ఆ చిక్కిన వారిలో భీమనారాయణ్ శ్రేష్ఠ, కెప్టెన్ యజ్ఞబహదూర్ థాపా ఉన్నారు.

ఈ భాగాన్ని బి.పి. అభిమానులు కొందరు దాటవేస్తారు. దాటవేయడం న్యాయం కాదు. 1960లో మహేంద్ర రాజుకు లేని ఆరోపణ 1976 నాటికి బీరేంద్ర రాజు చేతికి వచ్చింది. అది కల్పితం కాదు. ఆయుధం పట్టిన పార్టీకి ఆయన నాయకుడు.

ఆ మధ్యలో మన దేశంలోనే చీకటి కమ్మింది. 1975 జూన్ 25 అర్ధరాత్రి దాటాక జయప్రకాశ్ నారాయణ్‌ను ఢిల్లీలో నిర్బంధించారు. మీసా చట్టం కింద వేలాదిమంది జైళ్లు నిండినారు. మన తెలుగునాట కూడ ఆ రోజులను అనుభవించినవారు ఎందరో. బి.పి.కి ఆతిథ్యమిచ్చిన సోషలిస్టు మిత్రులలో పలువురు ఖైదీలైనారు. వారిలో జార్జి ఫెర్నాండెజ్ 1976లో బరోడా డైనమైటు కేసులో ముద్దాయిగా ఢిల్లీ న్యాయస్థానం ముందు నిలబడ్డారు. అదే ఏడాది సిక్కిం అంతటి పొరుగు రాజ్యం లేకుండా పోయి ఏడాది దాటింది. బంగ్లాదేశ్‌లో ముజీబుర్ రహమాన్ హత్య జరిగి ఏడాది దాటింది. ప్రజాస్వామ్యం కోసం తాము చేసే పోరు నేపాల్ అస్తిత్వానికే ముప్పు తేకూడదన్న ఆలోచన బి.పి.ని పట్టుకొన్నది. రాజు, ప్రజాస్వామ్యవాదులు పరస్పరం నిర్మూలించుకొనబోతే మిగిలేది పరాయివాని పెత్తనమేనని ఆయన భావించారు. జాతీయ సమైక్యత, రాజీ అన్న విధానాన్ని ప్రకటించి, ఆయుధం దించి, గణేశ్‌మాన్ సింగ్ తదితరులతో స్వదేశానికి బయలుదేరారు.

ఇది లొంగుబాటు అన్నవారు ఆనాడే ఉన్నారు. ఢిల్లీ ఆశ్రయం సన్నగిల్లినందువల్ల దారి లేక పోయినారని మరికొందరన్నారు. ఆ విమర్శలో కొంత నిజం ఉండవచ్చు. అయితే తరువాత జరిగినది చూడండి. గొంతు వ్యాధి ముదరగా 1977లో ప్రభుత్వం ఆయనను చికిత్స కోసం అమెరికా పోనిచ్చింది. అప్పటికి ఢిల్లీలో జనతా ప్రభుత్వం వచ్చింది. నిన్నటి డైనమైటు కేసు ముద్దాయి ఫెర్నాండెజ్ జైలు నుండే ముజఫర్‌పూర్ గెలిచి కేంద్రమంత్రి అయినారు. ఆయనపై కేసు ఉపసంహరించబడినది. పాత మిత్రుడు చంద్రశేఖర్ జనతా పార్టీ అధ్యక్షుడు. బి.పి. అమెరికా నుండి నేరుగా ఢిల్లీ వచ్చి ఉండిపోయినట్లయితే రాజోచితమైన ఆతిథ్యం లభించి ఉండేది. ఆయన ఖాట్మండు రాజదర్బారును విసిగించే ప్రవాస నాయకునిగా సుఖంగా కాలం గడిపి ఉండేవారు. అలా చేయలేదు. ఆ నవంబరులో తిన్నగా ఖాట్మండులో దిగి, రెండవసారి నిర్బంధింపబడినారు. మొదటి రాకకు దిక్కులేనితనం కారణమని అన్నవారు ఈ రెండవ రాకకు ఏ కారణం చెప్పగలరు?

ప్రత్యేక న్యాయస్థానంలో విచారణ జరిగింది. ఎనిమిదేళ్లు సైనికుల కాపలాలో మూగవానిగా ఉంచిన మనిషికి, బోనులో నిలబెట్టగానే, చట్టప్రకారం నోరు వచ్చింది. ఆరోపణను వినే హక్కు వచ్చింది. జవాబిచ్చే హక్కు వచ్చింది. నిషిద్ధమైన పార్టీ పేరును పత్రికలు న్యాయస్థాన వార్తలుగా ప్రచురించే అవకాశం వచ్చింది. 1978లో రాజద్రోహ అభియోగాల నుండి ఆయన విముక్తులైనారు. రాజు నీడలో పని చేసే న్యాయస్థానం ఆ తీర్పు ఇవ్వడంలో రాజనీతి పాలు కూడ ఉండవచ్చును. ఆరోగ్యం చెడిన, ప్రపంచమంతా ఎరిగిన మాజీ ప్రధానిని ఉరికంబమెక్కించి ఏ ప్రభుత్వమూ సుఖంగా నిద్రపోజాలదు. కాని ఏ కారణంచేతనైనా, విచారణకు తెరచిన తలుపు గుండా ఆయన నిర్దోషిగా వెలుపలికి వచ్చారు. తాళం వేసిన తలుపు ఎనిమిదేళ్లు ఇవ్వనిది అది ఇచ్చింది.

ఇక్కడ కథ ముగించడం సులభం. అట్లు ముగించడానికి మనస్సొప్పదు. 1979 ఆరంభంలో భీమనారాయణ్ శ్రేష్ఠ, యజ్ఞబహదూర్ థాపాలకు మరణశిక్ష అమలు జరిగింది. వారూ అదే ఉద్యమం వారు. అదే పార్టీ పిలుపు విని కదిలినవారు. వారి కోసం ఢిల్లీలో జనతా నాయకులు లేరు. న్యూయార్కులో వైద్యులు లేరు. నాయకుడు ఆయుధం దించి రాజీ ప్రకటించిన రెండేళ్ల తర్వాత, ఆ ఆయుధం మోసిన చేతులు నేల రాలినవి. మోదియాయిన్ నవలలో తాను రాసిన సామాన్యుని గోడు బి.పి. ఇంటి గుమ్మం ముందుకే వచ్చి నిలబడింది. దేశభద్రతా చట్టాల తూకం ఇదే: తప్పు ఒకటే అయినా, పేరున్న వానికి న్యాయవాది దొరుకుతాడు, పేరు లేని వానికి తలారి దొరుకుతాడు. ఈ బాకీని తీర్చే రాజీ ఏదీ లేదు. ఆయన విడుదలను కీర్తించేవారు ఆ ఇద్దరి పేర్లు కూడ అదే నోట పలకడం కనీస ధర్మం.

ఆ ఏప్రిల్‌లో పాకిస్థాన్‌లో భుట్టోను ఉరితీయగా, నిరసన తెలిపిన ఖాట్మండు విద్యార్థులపై పోలీసులు లాఠీలు ఝళిపించారు. అది దేశవ్యాప్త ఆందోళనగా మారి, మే 24న బీరేంద్ర రాజు ప్రజాభిప్రాయ సేకరణ ప్రకటించవలసి వచ్చింది. 1980 మే 2న జరిగిన ఓటింగులో పార్టీలు లేని పంచాయతీ వ్యవస్థకు సుమారు 55 శాతం, బహుపార్టీ వ్యవస్థకు సుమారు 45 శాతం వచ్చినవి. అక్రమాలు జరిగినవని గగ్గోలు లేచింది. అయినా బి.పి. ఫలితాన్ని శిరసావహించారు. అనుచరులకే అది రుచించలేదు. ప్రజల తీర్పు మనకు నచ్చినప్పుడే చెల్లుతుందంటే రాజుకూ మనకూ భేదమేమిటన్నది ఆయన వాదన తాత్పర్యం. 1982 జూలై 21న గొంతు కేన్సరుతో ఖాట్మండులో మరణించినప్పుడు, అధికార పదవి ఏదీ లేని ఆ మనిషి అంతిమయాత్రకు నగరమంతా కదిలివచ్చింది.

ఆయన కోరిన ప్రజాస్వామ్యం ఆయన చూడలేదు. 1990 ఏప్రిల్‌లో ప్రజోద్యమం ధాటికి పార్టీలపై నిషేధం తొలగింది. 2005 ఫిబ్రవరిలో జ్ఞానేంద్ర రాజు మళ్లీ తండ్రి మహేంద్ర బాట పట్టి నాయకులను నిర్బంధించారు. ఈసారి ఆ బాట మూడేళ్లకే ముగిసింది. 2008 మే 28న రాచరికమే రద్దయింది. రాజుకు బి.పి. చాచిన చేతిని దర్బారు నిండు మనస్సుతో అందుకొన్నట్లయితే సింహాసనం నిలిచి ఉండేదేమో. ఆ అవకాశాన్ని పోగొట్టుకొన్నది రాజద్రోహం మోపబడిన ముద్దాయి కాదు, అది మోపిన దర్బారు.

మన దేశంలో మీసా చట్టాన్ని జనతా ప్రభుత్వం రద్దు చేసింది. 1980లో వచ్చిన జాతీయ భద్రతా చట్టం నేటికీ అమలులో ఉన్నది. కనుక ఈ కథను పొరుగింటి కథగా భావించి నిట్టూర్చే అర్హత మనకు లేదు. దేశభద్రత అన్న మాట వినబడినప్పుడు అడగవలసినది ఒక్కటే: నిర్బంధించిన మనిషిపై ఆరోపణ ఏమిటో బహిరంగ న్యాయస్థానంలో చెబుతారా, చెప్పరా? బి.పి. కోయిరాలా రెండుసార్లు సముద్రంలాంటి స్వేచ్ఛను వదలుకొని పోయి అడిగినది కూడ అదే. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన రాజ్యమే భద్రంగా ఉంటుంది.